ఎదుటివారి జాన

మా ఆటలో ఒక నియమం ఉండేది. నీ సిపాయి ఎంత దూరం నడవాలో నా చెయ్యి కొలుస్తుంది. నా సిపాయి నడకను నీ చెయ్యి కొలుస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. శంషాబాద్‌లో, దర్జీ పని చేసే ఒకావిడ ఇంటి ముందుగదిలో, నేలమీద పరిచిన దుప్పటికి అటొకరూ ఇటొకరూ కూర్చుని, డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న ఇద్దరు అమ్మాయిలం రెండు మధ్యాహ్నాలు వాదించుకుని చేసుకున్న చట్టం అది.

ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. రెండో ఆమె ఆ దర్జీ గారి కూతురు, కాలేజీ డిబేట్లలో నా జోడీ. ఆ పోటీల్లో ఇద్దరేసి ఒక జట్టు. మొదట మాట్లాడేవారు వాదాన్ని నిలబెట్టాలి, రెండోవారు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఆమె నిలబెట్టేది, నేను కాపాడేదాన్ని. రోజూ ఒకే బస్సులో, ఒకే సీటులో కోఠీ దాకా పోయేవాళ్ళం. వాళ్ళింట్లో దక్కనీ ఉర్దూ, మా ఇంట్లో తెలుగు. బస్సులో మేము మాట్లాడుకునే భాషకు పేరు లేదు.

ఆట ఆమె అన్న ద్వారా వచ్చింది. గల్ఫ్‌లో ఒక ఇంట్లో డ్రైవరుగా పనిచేసే అతను, ఆ ఇంటి పిల్లలు పెద్దవాళ్ళై వదిలేసిన పెట్టెను సెలవుకు వచ్చినప్పుడు తెచ్చి చెల్లెలికి ఇచ్చాడు. లోపల సీసంతో పోసిన సిపాయిలు, వేలి కణుపంత ఎత్తు. ఇరవైమంది ఎర్రకోట్లవాళ్ళు, ఇరవైమంది నీలికోట్లవాళ్ళు. వాటితోపాటు ఒక ఇంగ్లీషు నియమాల పుస్తకం. చదరంగంలా గళ్ళు లేవు. బల్ల మీద గుట్టలూ చెట్లూ వాగులూ కట్టుకుని, ఆ నేలమీద సైన్యాలను నడిపించాలి. గుట్ట ఎక్కితే నడక సగమవుతుంది. చెట్టు చాటున నిలబడితే తుపాకీ దెబ్బ తగిలిందో లేదో పాచిక వేసి తేల్చుకోవాలి. ప్రతి నియమానికీ ఒక మినహాయింపు, ప్రతి మినహాయింపుకూ ఒక షరతు. వాదించడమే పనిగా పెట్టుకున్న మా ఇద్దరికీ అంతకన్నా రుచికరమైన పుస్తకం అంతకుముందు దొరకలేదు.

యుద్ధాన్ని ఆటగా ఆడటం న్యాయమేనా అని నేను మొదటిరోజే అడిగాను.

"సీసం సిపాయికి అమ్మ ఉండదే," అంది ఆమె. "ముందు పాచికెయ్యి."

పుస్తకంలో దూరాలన్నీ అంగుళాల్లో ఉన్నాయి. వాళ్ళింట్లో ఉన్న ఒకే ఒక టేపు ఎప్పుడూ వాళ్ళ అమ్మ మెడలో ఉండేది. మిషను ఆగేదాకా అది దిగదు, మిషను ఆగేది కాదు. అందుకని తొమ్మిది అంగుళాలన్న చోట జాన అనీ, మూడు అంగుళాలన్న చోట బెత్తెడు అనీ మార్చుకున్నాం. మార్చుకున్నాకే తెలిసింది, ఆమె చెయ్యి నా చెయ్యి కంటే పెద్దదని.

"ఎవలది వాళ్ళే కొలుసుకుందాం," అన్నాను.

"నక్కో, వద్దు. ఎవలది వాళ్ళు కొలుసుకుంటె వేళ్ళు సాగుతయ్. నాయైతె సాగుతయ్, నాకు తెల్సు."

"ఎదుటోళ్ళు కొలిస్తె ముడుసుకుంటయ్ గదా?"

"ముడిస్తె నువ్వు దొంగవని నాకు తెలుస్తది. గా శరం, గా సిగ్గు ఉంటది గదా నీకు. గదే మనకు కావల్సింది."

"నా చిన్న చేతితోని కొలిస్తె నీ సిపాయిలు ముసలోళ్ళ లెక్క నడుస్తరు. నావి నీ చేతితోని ఉరుకుతయ్. అది అన్యాయం."

"హౌ, అన్యాయమే. అయితె నీ సిపాయిలల్ల ఇద్దర్ని ఇంట్ల గూసోవెట్టు. బరాబరైతది."

అలా నా నీలికోట్లలో ఇద్దరు ఎప్పుడూ యుద్ధానికి రాలేదు. ఇంకొక నియమం కూడా పెట్టుకున్నాం: ఆట ముగిశాక ఎవరి సైన్యాన్ని వాళ్ళే ఇంటికి తీసుకుపోవాలి, శత్రువు ఇంట్లో వదలకూడదు. దుప్పటి కింద పుస్తకాలు పెట్టి గుట్టలు చేసుకున్న ఆ శీతాకాలంలో, వేసవి సెలవుల్లో మా ఇంట్లో అసలైన నేల ఒకటి కట్టుకుందామని అనుకున్నాం.

ఫిబ్రవరిలో కాలేజీల మధ్య పోటీ ఫైనలు జరిగింది. అభివృద్ధి కోసం పల్లెలు తమ భూమిని వదులుకోవాలా అన్నది విషయం. మా వైపు అప్పటికే పెద్ద విమానాశ్రయం వస్తుందట, రాదట అని మాట మొదలైంది కనుక, వదులుకోనక్కర్లేదని వాదించే పక్షం మాకు రావడం అదృష్టమనుకున్నాం. ఆమె అద్భుతంగా మాట్లాడింది. చివర ఒక పెద్ద న్యాయమూర్తి రాసినదంటూ ఒక వాక్యం చెప్పింది. హాలంతా చప్పట్లు. ప్రశ్నల సమయంలో న్యాయనిర్ణేత కళ్ళజోడు సరిచేసుకుని, ఆ వాక్యం ఏ తీర్పులోది అని అడిగారు. జవాబు చెప్పవలసింది నేను.

"అది ఏ తీర్పులోనూ లేదండి," అన్నాను. "నా జోడీ కల్పించినది."

మేము ఓడిపోయాం. ఓటమి గురించి నాకు బాధ లేదనీ, సరైన పని చేశాననీ ఆ సాయంత్రం బస్సెక్కేదాకా నమ్మాను. బస్సులో ఆమె ముందు తలుపు దగ్గర, ఎవరో ముసలావిడ పక్కన కూర్చుంది. మా సీటు ఖాళీగా ఉంది. నేను అందులో కూర్చోలేక, ఆరాంఘర్ దాటేదాకా నిలబడే ఉన్నాను.

మరునాడూ అంతే. ఆ తరువాత వారమూ అంతే. ఆమె నన్ను తిట్టలేదు, ఎవరితోనూ నా గురించి చెప్పలేదు. పలకరించడం మానేసింది, అంతే. నాకు వేరే స్నేహితులు లేరని నాకప్పుడే తెలిసింది. తరగతిలో అందరూ నన్ను గౌరవించేవాళ్ళు. నిజం చెప్పిన అమ్మాయి అని ఒకరికొకరు చూపించుకునేవాళ్ళు కూడా. అన్నం డబ్బా మాత్రం నా పక్కన ఎవరూ విప్పేవాళ్ళు కాదు.

ఏప్రిల్‌లో సెలవులిచ్చారు. మేము అనుకున్న ఆ ఆట నేలను ఒక బోర్డుగా నేను ఒక్కదాన్నే కట్టడం మొదలుపెట్టాను. బోర్డు తయారైతే ఆమె వస్తుందని నమ్మాను. ఆధారమేమిటని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆధారం లేని మాట చెప్పిందని ఆమెను బయటపెట్టిన మనిషిని నేనే అన్న సంగతి నాకు గుర్తుంది. అయినా నమ్మాను.

ఈ పనిలో నాకు గురువు మా బాపు. షాద్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని ఆయనది. కాని ప్రతి డిసెంబరులో మా చిన్న చర్చిలో క్రిస్మస్ పశువుల పాకను కట్టేది ఆయనే. గోనెగుడ్డను సుద్దనీళ్ళలో ముంచి బేత్లెహేము కొండలు నిలబెట్టడం, రంపపు పొట్టుకు ఆకుపచ్చ రంగు పట్టించి పచ్చిక చేయడం, అద్దం ముక్కతో చెరువు పెట్టడం ఆయనకు వచ్చు. యుద్ధం ఆటకని చెబితే ఏమంటారోనని భయపడ్డాను. ఆయన ఒక్క ప్రశ్నే అడిగారు.

"ఏ ఊరు కడ్తున్నవ్ బిడ్డా?"

నేను ఆలోచించలేదు. "మనదే," అన్నాను.

పక్కవాళ్ళు పాత ఇల్లు కూల్చినప్పుడు పారేసిన తలుపు రెక్క ఒకటి తెచ్చి నా మంచంమీద పరిచాం. ఆ రోజునుంచి నేను నేలమీద పడుకున్నాను. ఎలక్ట్రికల్ షాపు వెనక పారేసిన థర్మాకోల్‌ను హాక్సా బ్లేడుతో కోసి, మైదా గంజితో ఒకదానిమీద ఒకటి అతికించి గుట్టలు లేపాను. వాటిమీద కాగితం ముక్కలు, ఆపైన గోనెగుడ్డ, ఆపైన సుద్ద. అది ఎండాక జిగురు పూసి, పిండి జల్లెడతో జల్లించిన ఎర్రమట్టి చల్లాను. జల్లెడ పాడుచేసినందుకు అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. తలుపుకు గడియ ఉండిన చోట రంధ్రం మిగిలింది. దాని చుట్టూ గులకరాళ్ళు పేర్చితే బావి అయింది. ఈతచీపురు పుల్లలు తాటిచెట్లయ్యాయి. నల్లతుమ్మ కొమ్మల చివర్లు తుంచి నాటితే నల్లతుమ్మలే అయ్యాయి, వాటికి ఏ వేషమూ అక్కరలేకపోయింది.

నేను కట్టినది మేము బస్సు దిగి ఇళ్ళకు నడిచే దారి. అక్కడినుంచి మామిడిపల్లి వైపు పరుచుకున్న జొన్నచేలు, గుండ్రాళ్ళు ఒకదానిమీద ఒకటి కూర్చున్న గుట్ట, దాని కింద కుంట. కుంట దగ్గర మా బాపుకూ నాకూ తేడా వచ్చింది. ఆయన అద్దం ముక్క తెచ్చారు. నేను వద్దన్నాను. ఏప్రిల్‌లో ఆ కుంటలో నీళ్ళుండవు.

"నీళ్ళు లేని కుంటను ఎవలు జూస్తరే?"

"ఉన్నది ఉన్నట్టు ఉండాలె బాపు."

"యేసయ్య పుట్టిన ఊర్ల మంచు వడ్డదని మనం దూది వెడ్తలేమా? జూసేటోళ్ళకు సంబరం గావాలె బిడ్డా."

నేను వినలేదు. ఆ కుంటనుంచే ఒక గిన్నెడు ఒండ్రుమట్టి తెచ్చి, తడిపి పూసి, ఎండలో పెట్టాను. మూడోరోజుకు అది తనంతట తాను నెర్రెలిచ్చింది. నా జీవితంలో నేను చేసిన వస్తువుల్లో అంత నిజమైనది మరొకటి లేదు.

గుట్ట మాత్రం నన్ను ఓడించింది. కంకర మిషను దగ్గర ఏరుకొచ్చిన రాళ్ళతో గుండ్ల గుట్టను ఉన్నది ఉన్నట్టుగానే కట్టాను. సిపాయిని నిలబెడితే జారి బావిలో పడ్డాడు. ఏ సిపాయి పెట్టినా అంతే. చివరికి సగం రాళ్ళు పీకేసి, మా ఊళ్ళో ఏ గుట్టకూ లేని మెట్లు దానికి చెక్కవలసి వచ్చింది. ఒక మనిషి కాలు మోపడానికి నేల ఎక్కడో ఒకచోట చదునుగా ఉండి తీరాలన్న సంగతి నేను అయిష్టంగా ఒప్పుకున్నాను.

కిటికీలోంచి చూసి జనం రావడం మొదలుపెట్టారు. చర్చికి మాతోపాటు వచ్చే ఒక పెద్దమ్మ, గుమ్మంలోనే నిలబడి సిలువ గుర్తు వేసుకుంది.

"ఎండకాలంల పశువుల పాకేందే? బాలయేసు యాడున్నడు? జ్ఞానులు ముగ్గురే గద, గీ నీలి అంగీలోళ్ళు గింతమందేంది?"

జ్ఞానులు కాదు, సిపాయిలని చెప్పాను.

"బాలయేసును సంపనీకొచ్చిన హేరోదు సిపాయిలా! మరి గట్ల చెప్పు," అని, తృప్తిగా వెళ్ళిపోయింది.

మహేశ్వరం వైపు ప్లాట్లు అమ్మించే ఒకాయన మా వీధిలోనే ఉండేవాడు. ఆయన బోర్డు చుట్టూ మూడుసార్లు తిరిగి, బాపును పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"అన్నా, నీ బిడ్డ పట్నంల సదువుతది. ఏదో మ్యాపు జూసే కట్టి ఉంటది. రన్‌వే యాడొస్తదో జర జూపియ్యమను. నా నోట్లకెళ్ళి బయటికి రాదు."

బాపు నవ్వాపుకుని, గడియ రంధ్రాన్ని చూపించారు. "గా బాయి కాడ," అన్నారు.

ఆయన బావి చుట్టూ వేలితో గీత గీసుకుంటూ చాలాసేపు చూశాడు. ఆ సాయంత్రం నేను చాలా నవ్వాను, ఈ మాట చెప్పుకోవడానికి ఒక మనిషి ఉంది కదా అని లేచి, చెప్పులు వేసుకుని, వీధి మలుపు దాకా నడిచి, అక్కడినుంచి వెనక్కి వచ్చాను.

మే నెలాఖరుకు బోర్డు పూర్తయింది. ఇక ఒంటరిగానైనా ఆడదామని కూర్చున్నాను. ఎర్రకోట్ల బదులు చింతగింజలు పేర్చాను. మొదటి ఎత్తులోనే ఆగిపోయాను. నీలికోట్లను నడిపించాలంటే ఎదుటివారి జాన కావాలి. ఎడమచేతిని ఎదుటివారి చెయ్యి అనుకుందామని ప్రయత్నించాను. అది నా కుడిచేతికి సరిగ్గా సమానం. ఒక్కసారి కూడా దానితో పేచీ రాలేదు. ఏ ఎత్తు వేసినా రెండు చేతులకూ ముందే తెలుసు. పదిహేను నిమిషాల తరువాత చింతగింజలను డబ్బాలో పోసేశాను.

ఉత్తరం రాయాలనుకున్నాను. రాశాను కూడా, మూడుసార్లు. మూడింటిలోనూ మొదటి పేరాలో నా చర్యకు కారణాలు, రెండో పేరాలో వాటికి రాగల ఆక్షేపణలు, మూడో పేరాలో ఆ ఆక్షేపణలకు సమాధానాలు వచ్చాయి. చదువుకుంటే నాకే కోపం వచ్చింది. చించేశాను.

జూన్‌లో కాలేజీ తెరిచారు. రెండోరోజు సాయంత్రం బస్సు దిగినప్పుడు ఆమెను వెనకనుంచి పిలిచాను. నాలుగు నెలల తరువాత నా నోట వచ్చిన మొదటి మాట ఇది:

"బోర్డు అయిపోయింది."

ఆమె ఆగింది. బుర్ఖా మీద దుమ్ము దులుపుకుంది. "ఏ బోర్డు?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపలే, "శుక్రవారం కుదరది. ఆదివారం నీకు చర్చి. శనివారం వస్త," అని వెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం, తన ఇరవైమందిని ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టుకుని వచ్చింది. గది గుమ్మంలో నిలబడి బోర్డును చూసింది.  తరువాత వంగి, వేలితో దారి వెంట కదిలింది.

"అరే, గిది మన బస్సు దిగే తొవ్వ గదే! గిది సోడా బండి నిలవడే జాగ. కుంటల నీళ్ళు గూడ లేవు. పిచ్చిదానా, నెర్రెలు గూడ వెట్టినవా?" నవ్వింది. ఆ నవ్వు వింటూ నేను నా సిపాయిలను నిలబెడుతున్నాను. 

ఆట మొదలైంది. ఆమె పెద్ద జానతో నా నీలికోట్లు జొన్నచేలలోంచి వేగంగా దూసుకొచ్చాయి. నేను ఆమె ఎర్రకోట్లను కొలవడం మొదలుపెట్టాను. నిజం చెబుతున్నాను, మొదటిసారి అనుకోకుండానే జరిగింది. ఆమె సిపాయి గుట్ట చాటుకు చేరడానికి వెంట్రుకవాసి తక్కువైంది. చేరకపోతే నా తుపాకులకు దొరుకుతాడు. దొరికితే ఆట త్వరగా ముగుస్తుంది. నా చిటికెనవేలు సాగింది. రెండోసారి తెలిసే సాగదీశాను. ఆ తరువాత ప్రతిసారీ. ఆమె గెలవాలి, గెలిస్తే మళ్ళీ వచ్చే శనివారం వస్తుంది. నా లెక్క అంతే.

అయిదో ఎత్తులో ఆమె నా చేతిని అక్కడే, బోర్డు మీదే పట్టుకుంది. తన చేతిని పక్కన ఆనించింది.

"ఎండకాలంల నీ జాన పెరిగిందేందే?"

నేను వేళ్ళు ముడుచుకున్నాను.

"ఎప్పటిసంది?"

"రెండో ఎత్తు నుంచి," అన్నాను. "మొదటిది గూడ కావొచ్చు."

"నన్ను గెలిపిద్దామనా?"

"నువ్వు మల్ల రావాలని."

ఆమె నా చెయ్యి వదిలేసింది. గొంతు పెంచలేదు. వేదికమీద కూడా ఆమె ముఖ్యమైన మాటలను గొంతు తగ్గించే చెప్పేది.

"ఫైనల్ ముందు రోజు బస్ల నేను గా వాక్యం జెప్పి జూపెట్టిన, యాదికుందా? ఎట్లుందే అని అడిగిన. మనం లైబ్రరీల చదివింది ఒక్క పుస్తకమే. గా పుస్తకంల లేదని నీకు గప్పుడే తెల్సు. అవునా కాదా?"

"అవును."

"నువ్వు ఏమన్నవ్?"

బాగుంది అన్నాను. నిజంగా బాగుంది కూడా. గెలవాలని నాకూ ఉంది. అడిగేవారు ఉండరనుకున్నాను. అడిగినప్పుడు, నిజం వైపు ఒక్క గంతులో దూకి, ఆమెను ఇవతలి ఒడ్డున వదిలేశాను. ఇదంతా ఆమెకు ఆ మాటల్లో చెప్పలేకపోయాను. "బాగుంది అన్న," అన్నాను.

"అబద్ధమని చెప్పినందుకు నాకు కోపం లేదే. అబద్ధమే అది, నేనే జెప్పిన. జర గదే బస్ల నాతోని అంటె, నేనే తీసేద్దును. నాకు జెప్పలే. జడ్జికి జెప్పినవ్. ఇయ్యాల గూడ గంతే. నేను గెలవాలని నువ్వే అనుకున్నవ్, నువ్వే జేసినవ్. నన్ను అడిగినవా? నా దిక్కు ఎప్పుడన్న జూసి మాట్లాడినవా నువ్వు?"

దీనికి జవాబు ఉందేమోనని నా బుర్ర అలవాటుగా వెతికింది. వెతకడం ఆమెకు కనిపించింది కూడా. నేను ఎత్తులన్నీ వెనక్కి తీసుకుందామన్నాను, సరిగ్గా కొలిచి మళ్ళీ ఆడదామన్నాను. ఆమె ఒప్పుకుంది. ఎర్రకోట్లను మొదటి వరసలో నిలబెట్టి, "ఇగ సరిగ్గ కొలువు," అంది.

సరిగ్గానే కొలిచాను. నా చిన్న చెయ్యి ఎంత ఉందో అంతే. ఆమె సిపాయి గుట్ట చాటుకు చేరలేదు. వరసగా ఒక్కొక్కరే పడ్డారు. మధ్యలో అమ్మ టీ తెచ్చింది, తాగాం.  ఎండ కిటికీ దాటేసరికి చివరి ఎర్రకోటు కుంట గట్టు దగ్గర ఒరిగిపోయింది.

ఆమె పడిపోయినవాళ్ళను ఏరి డబ్బాలో పెట్టుకుంది. ఒక్కొక్కరికీ అంటుకున్న ఎర్రమట్టిని బొటనవేలితో తుడిచింది. లేచి నిలబడి, "మంచిగ కట్టినవే," అంది. తరువాత చెయ్యి చాచింది.

డిబేటు అయిపోగానే రెండు జట్లవాళ్ళూ బల్ల దాటి వచ్చి చేతులు కలుపుతారు. అది ఎదుటిపక్షానికి ఇచ్చే మర్యాద. జోడీలు ఒకరికొకరు చెయ్యివ్వరు. ఆ అవసరం రాదు. రెండేళ్ళలో మేమెప్పుడూ ఇచ్చుకోలేదు.

నేను ఆమె చెయ్యి అందుకున్నాను. వెచ్చగా ఉంది, నా చెయ్యి అందులో పూర్తిగా ఇమిడిపోయింది. "మంచిగ ఆడినవ్," అన్నాను, ఎదుటిపక్షంతో అనవలసిన మాట అదే కనుక. ఆమె తల ఊపి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని వీధిలోకి దిగింది. వచ్చే శనివారం గురించి నేను అడగలేదు.